బెంగళూరు నుంచి రైల్లో మైసూరు: ఒక్క రోజు ప్రయాణానికి ప్రణాళిక

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారి ఇంటికి ఊరి నుంచి పెద్దలు వచ్చినప్పుడు, వారికి ఏం చూపించాలన్న ప్రశ్నకు మొదట వచ్చే సమాధానం మైసూరు. రైలు మార్గం సుమారు 140 కిలోమీటర్లే కనుక, ఎక్కిన రైలునుబట్టి రెండు నుంచి మూడు గంటల్లో చేరుకోవచ్చు. ఉదయం వెళ్ళి రాత్రికి ఇల్లు చేరడం సాధ్యమే. అయితే చాలామంది ఉదయపు రైలు గురించి మాత్రమే ఆలోచించి, తిరుగు ప్రయాణాన్ని అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చని వదిలేస్తారు. ఈ క్రమాన్ని తిరగవేయాలన్నది నా గట్టి అభిప్రాయం: ముందుగా తిరుగు రైలు, ఆ తర్వాత ప్యాలెస్‌కు కేటాయించే సమయం, అన్నిటికంటే చివర ఉదయపు రైలు నిర్ణయించుకోవాలి.

దీనికి కారణం ప్యాలెస్ దీపాలంకరణ. ఆదివారాల్లోనూ ప్రభుత్వ సెలవు దినాల్లోనూ రాత్రి 7 గంటలకు దాదాపు 97 వేల బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. సుమారు ముప్పావు గంట పాటు ఆ వెలుగు ఉంటుంది. రైల్వే స్టేషన్ ప్యాలెస్‌కు రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నప్పటికీ, అంత జనం ఒకేసారి బయటకు వచ్చే వేళ ఆటో దొరకడం, దొరికినా అది కదలడం కష్టమవుతుంది. మా అత్తగారిని, మామగారిని మొదటిసారి తీసుకువెళ్ళినప్పుడు నేను 8 గంటలలోపు బయలుదేరే రైలుకు టికెట్లు తీసుకోవడం వల్ల, దీపాలు వెలిగిన పది నిమిషాలకే వారిని గేటు వైపు నడిపించవలసి వచ్చింది. ఆ తొందర మరెవరికీ వద్దు. 8:30 తర్వాత బయలుదేరే రైలునే ఎంచుకోండి. రిజర్వేషన్ ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు మొదలవుతుంది కనుక, ఆదివారం వెళ్ళదలచుకుంటే తిరుగు టికెట్‌ను వీలైనంత ముందుగా తీసుకోవడం మంచిది. సీటు దొరకకపోతే సబర్బన్ బస్టాండు నుంచి బెంగళూరుకు బస్సులు ఉన్నాయన్న ధైర్యం ఉంచుకోవచ్చు.

వెళ్ళేటప్పుడు అంత పట్టింపు అవసరం లేదు. రిజర్వేషన్ లేకుండా సాధారణ టికెట్‌తో వెళ్ళేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి: ఇంత దగ్గరి ప్రయాణానికి ఆ టికెట్ తీసుకున్న తర్వాత గంటల తరబడి వేచి ఉండకూడదు, సూపర్‌ఫాస్ట్ రైలు ఎక్కదలచుకుంటే అదనపు రుసుముతో కూడిన టికెట్ తీసుకోవాలి. పెద్దవారు వెంట ఉంటే కెంగేరి మీకు దగ్గరైనా మెజెస్టిక్ స్టేషన్‌కే వెళ్ళి ఎక్కండి, కూర్చునే చోటు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.

దారి కూడా చూడదగినదే. రామనగర చుట్టూ పెద్ద పెద్ద బండరాతి కొండలు కనిపిస్తాయి. ఆ ఊరు పట్టుగూళ్ళ మార్కెట్‌కు ప్రసిద్ధి. తర్వాత వచ్చే చన్నపట్నం లక్క బొమ్మల ఊరు. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర, ఇక్కడి బొమ్మలకు వాడే కర్ర ఒకే జాతి చెట్టువి. మద్దూరు దాటేలోపు మద్దూరు వడ కొనుక్కుని తినండి. శ్రీరంగపట్నం దగ్గర రైలు కావేరిని దాటుతుంది. ఈ మార్గాన్ని రెండు వరుసలుగా మార్చే సమయంలో అడ్డు వచ్చిన టిప్పు సుల్తాను ఆయుధాగారాన్ని పడగొట్టకుండా, 2017లో మొత్తం కట్టడాన్ని దాదాపు 130 మీటర్ల దూరం జరిపారు.

మైసూరులో దిగాక అన్నీ చూడాలన్న ఆశ వదులుకోవడమే తెలివైన పని. చాముండి కొండ, జూ, బృందావన్ తోటలను ఒకే రోజులో ఇరికిస్తే ప్యాలెస్‌కు గంట కూడా మిగలదు. అంబా విలాస్ అని పిలిచే ఈ ప్యాలెస్ ఉదయం 10 గంటలకు తెరుస్తారు. కనీసం మూడు గంటలు కేటాయించండి. పాదరక్షలు బయట వదలాలి కనుక సులువుగా విప్పుకునే చెప్పులు వేసుకోండి. 1897లో రాజకుమారి జయలక్ష్మమ్మణ్ణి వివాహ సమయంలో పాత చెక్క ప్యాలెస్ కాలిపోగా, హెన్రీ ఇర్విన్ రూపకల్పనలో 1912 నాటికి ఇప్పటి కట్టడం పూర్తయింది. ఈ నేపథ్యం తెలిసినవారికి కల్యాణ మండపంలోని పోత ఇనుప స్తంభాలు మరింత అర్థవంతంగా కనిపిస్తాయి; నిప్పుకు బలైన చెక్క స్థానంలో ఇనుము, రాయి వచ్చాయి. ఆ మండపంలో ముందుగా పైకప్పులోని నెమళ్ళ రంగుటద్దాలను చూడండి. తర్వాత గోడల వెంట వరుసగా ఉన్న దసరా ఊరేగింపు చిత్రాలను ఒక్కొక్కటిగా, ఆగి ఆగి చూడండి. నా దృష్టిలో దర్బారు హాలు కంటే ఇవే విలువైనవి, కానీ ఎక్కువమంది వాటిని దాటుకుంటూ వెళ్ళిపోతారు.

మధ్యాహ్న భోజనం తర్వాత దగ్గరలోనే ఉన్న జగన్మోహన్ ప్యాలెస్‌కు వెళ్ళవచ్చు. అక్కడి చిత్రశాలలో రవివర్మ చిత్రాలతో పాటు దీపం పట్టుకున్న స్త్రీ చిత్రం ఉంది. దాన్ని రవివర్మదేనని చాలామంది పొరబడతారు, గీసినవారు ఎస్.ఎల్. హల్దంకర్. పిల్లలు వెంట ఉంటే దీని బదులు స్టేషన్ పక్కనే ఉన్న రైల్వే మ్యూజియం నయం.

సాయంత్రం 5 గంటల ప్రాంతంలో దేవరాజ మార్కెట్‌లో పూల వరుసలు చూసి, మైసూర్ పాక్, రాత్రి రైల్లో తినడానికి ఏదైనా తేలికపాటి ఆహారం అప్పుడే కొని ఉంచుకోండి. దీపాలు ఆరిన తర్వాత నేరుగా స్టేషన్‌కే వెళ్ళవలసి ఉంటుంది. 6:30కల్లా ప్యాలెస్ ఆవరణలోకి చేరితే, ముఖద్వారానికి ఎదురుగా పెద్దవారు నిలబడడానికి చోటు దొరుకుతుంది.