సైకియాట్రిస్ట్ కోసం వెతికేటప్పుడు దూరం కూడా చూసుకోండి

తెల్లవారుజామున నాలుగింటికే లేచి గోడవైపు తిరిగి కూర్చునేవాడు మా తమ్ముడు. అలా మూడు నెలలు. సైకియాట్రిస్ట్‌కి చూపిద్దామంటే, "అక్కా, నాకు పిచ్చనుకుంటున్నావా?" అన్నాడు. ఆ రోజు నాకు నోట మాట రాలేదు.

సైకియాట్రిస్ట్ కూడా డాక్టరే. మామూలు వైద్యం చదివి, ఆ తర్వాత మనసుకి వచ్చే జబ్బుల్లో ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు. డిప్రెషన్, యాంగ్జైటీ, ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్ళీ మళ్ళీ), బైపోలార్ (కొన్నాళ్ళు దిగులు, కొన్నాళ్ళు అతి ఉత్సాహం), స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు), మద్యానికి బానిస కావడం, కాన్పు తర్వాత పట్టుకునే దిగులు, ఇవన్నీ వాళ్ళు చూసేవే. సైకాలజిస్టులు మాటలతో చికిత్స చేస్తారు, చాలాచోట్ల మందులు రాయరు. చాలామందికి ఇద్దరి సాయమూ అవసరమవుతుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు డాక్టర్ తమ్ముణ్ణి దాదాపు ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారు. నిద్ర, ఆకలి, పని, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, అన్నీ అడిగారు. ఒక ప్రశ్న నాకు అస్సలు అర్థం కాలేదు: "రోజుకి రెండు మూడు గంటలే పడుకున్నా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, విపరీతంగా ఖర్చుపెట్టిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా?" బైపోలార్ ఉన్నవాళ్ళు కూడా చాలాసార్లు దిగులుతోనే డాక్టర్ దగ్గరకి వస్తారట. వాళ్ళకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు అటు చివర నుంచి ఇటు చివరకి ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటివి పేషెంట్‌కి గుర్తుండవు, ఇంట్లోవాళ్ళకి గుర్తుంటాయి. అందుకే, పేషెంట్ ఒప్పుకుంటే, వెంట ఒకరు వెళ్ళడం మంచిది. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా రాశారు. అవి తక్కువైనా మనిషి ఇలాగే నీరసపడి, దిగులుగా ఉంటాడు.

మేము తప్పు చేసింది వేరే చోట. పెద్ద పేరున్న డాక్టరని ఆరు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాం. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, వికారం, తల తిరగడం లాంటివి మాత్రం మొదటి వారంలోనే మొదలవుతాయి. మూడు వారాలకి మళ్ళీ రమ్మన్నారు. అంత దూరం మళ్ళీ ఎవరు వెళ్తారని వాయిదా వేశాం. మాత్రలు అయిపోయాయి, వాడు మానేశాడు. నాలుగు రోజులకి తల తిరగడం, తలలో షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, పట్టరాని చిరాకు. మందు అలా ఒక్కసారిగా ఆపకూడదని, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలని మాకు అప్పుడు తెలిసింది. జబ్బు తగ్గాక కూడా సాధారణంగా ఆరు నెలలైనా వాడమంటారు. అన్ని నెలలు వెళ్ళిరావాలంటే పేరుకన్నా దూరమే ముఖ్యం.

దగ్గరలో ఎవరున్నారో తెలుసుకోవడానికి ముందు మీరు రోజూ చూపించుకునే డాక్టర్నే అడగండి. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో, పెద్ద జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉందేమో కనుక్కోండి. ఇంటర్నెట్‌లో పేరు దొరికితే, డాక్టర్ల రిజిస్ట్రేషన్ చూసే మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఆ పేరు, డిగ్రీ ఉన్నాయో లేదో చూడండి. కౌన్సెలర్ అనే బోర్డు ఉంటే సైకియాట్రిస్ట్ అని కాదు. తర్వాత ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: మొదటిసారి ఎంతసేపు చూస్తారు, ప్రతిసారీ అదే డాక్టర్ ఉంటారా, మందు పడకపోతే మధ్యలో ఎవరికి ఫోన్ చేయాలి. మూడోదానికి సరైన జవాబు రాకపోతే నేనైతే ఇంకొకరిని చూసుకుంటాను.

వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, బరువు ఎంత మారింది, వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, హోమియోతో సహా. అక్కడ కూర్చున్నాక సగం మర్చిపోతాం. పేషెంట్‌ని డాక్టర్‌తో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. మా ముందు చెప్పలేనివి మా తమ్ముడు అప్పుడే చెప్పాడు. ప్రాణానికి ప్రమాదం లాంటివి ఉంటే తప్ప డాక్టర్లు ఆ మాటలు బయటపెట్టరు.

చనిపోతాననే మాట వినిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు. ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అలాంటి ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

రెండోసారి వెతికి, ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఒక డాక్టరమ్మను చూసుకున్నాం. బయల్దేరే ముందు వాడికి ఇంతే చెప్పాను: "పిచ్చి కాదురా. నీకు నిద్రెందుకు పట్టట్లేదో కనుక్కుందాం, పద." చెప్పులేసుకున్నాడు.