మట్టి మాగిన తరువాతే మొక్క: తిరుపతి మిద్దె మీద ఇంటి ఎరువులతో టమోటా

2023 జూలైలో కిలో టమోటా ధర రూ.100 దాటినప్పుడు మా వీధిలో నాలుగైదు మిద్దెల మీదికి ఒక్కసారిగా కుండీలు ఎక్కాయి. సెప్టెంబరు వచ్చేసరికి వాటిలో చాలావరకు ఎండిన కట్టెలే మిగిలాయి. ఏం చేశారని అడిగితే అందరూ చెప్పినది ఒకటే: ఉదయం ట్రాక్టరు ఎర్రమట్టి దింపించుకున్నారు, మధ్యాహ్నం అందులో పేడ, గానుగ పిండి (గింజల నుంచి నూనె తీయగా మిగిలే పిప్పి) కలిపారు, సాయంత్రానికి నారు నాటేశారు. విత్తనం మంచిదే, ఎరువూ మంచిదే, చేసిన శ్రమకూ లోపం లేదు. మట్టికి మాత్రం ఎవరూ గడువు ఇవ్వలేదు. నేనూ మొదటి ఏడాది సరిగ్గా ఇదే పొరపాటు చేసి 14 కుండీలలో 12 పోగొట్టుకున్నాను కనుక, ఆ గడువు ఎందుకు కావాలో, ఆ లోపల ఏమేం సిద్ధం చేసుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా కాలం సంగతి చూడాలి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా ఉక్కగా ఉంటే టమోటా పూత నిలవదు. పుప్పొడి పనిచేయక పువ్వు కాడతో సహా రాలిపోతుంది. అందువల్ల ఏప్రిల్, మే నెలల తిరుపతి ఎండలో పూతకు వచ్చే మొక్కను ఎంత పోషించినా ప్రయోజనం ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు కుండపోతగా కురుస్తాయి. 2021 నవంబరు వానలకు నా కుండీలు మూడు రోజులు నీళ్లలో నానిపోయి, వేళ్లు కుళ్లి, మొక్కలన్నీ నిలువునా వడలిపోయాయి. ఆ తరువాత నుంచి నేను అక్టోబరు చివర గానీ నవంబరు మొదట గానీ వసారాలో, వాన పడని చోట నారు పోసి, 25 నుంచి 30 రోజుల నారును వానలు తగ్గుముఖం పట్టాక, నవంబరు ఆఖరు నుంచి డిసెంబరు మొదటి పక్షం లోపల నాటుతున్నాను. జనవరి చలిలో పూత వస్తుంది, ఫిబ్రవరిలో కాయ చేతికి అందుతుంది. ఈ లెక్కన మట్టి కలపవలసినది అక్టోబరు చివరి వారంలో. కంపోస్టు మొదలుపెట్టవలసినది జూలైలో. వేప గింజలు ఏరుకోవలసినది పండు రాలే జూన్, జూలైలలో.

మట్టిని చేతితో చూడడం

తిరుపతి చుట్టుపక్కల దొరికేది ఎక్కువగా ఎర్రమట్టి. తెచ్చిన మట్టి ఎలాంటిదో తెలియాలంటే ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగిలినంతా నీళ్లు పోసి, మూత పెట్టి బాగా కుదిపి కదలకుండా ఉంచాలి. ఇసుక ఒక నిమిషంలోనే అడుగుకు చేరుతుంది, ఒండ్రు రెండు గంటల్లో దాని మీద పొరగా కూర్చుంటుంది, జిగట మట్టి తేరుకోవడానికి ఒక రోజు, ఒక్కొక్కసారి అంతకు మించి పడుతుంది. మరునాటికి సీసాలో మూడు పొరలు గీత గీసినట్టు కనిపిస్తాయి. నేను తెప్పించిన మట్టిలో సగానికి పైగా ఇసుకే తేలింది. అటువంటి మట్టిలో పోసిన నీరూ వేసిన ఎరువూ నిలవకుండా కిందికి జారిపోతాయి.

ఇసుక పాలు ఎక్కువైన ఎర్రనేలకు మన పెద్దవాళ్లు కనిపెట్టిన మందు చెరువు ఒండ్రు. వేసవిలో చెరువు ఎండినప్పుడు ఆ మట్టిని బండ్ల మీద పొలాలకు తోలడం మన జిల్లాలో తరతరాలుగా ఉన్న పని. ఊళ్లో పొలానికి ఒండ్రు తోలుకున్న రైతును అడిగితే రెండు బస్తాలు ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. శేషాచలం కొండల కింద ఆకులు కుళ్లి నల్లగా, మెత్తగా ఉన్న మట్టిని చూస్తే ఎవరికైనా మనసు పోతుంది, కానీ అది జాతీయ ఉద్యానవనం, 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం కూడా. అక్కడి నుంచి గుప్పెడు మట్టి కూడా తీసుకోరాదు, తీసుకోవలసిన అవసరమూ లేదు. మన వీధుల్లో కానుగ, వేప చెట్లు రాల్చే ఆకును రోజూ ఊడ్చి తగలబెడుతున్నారు. ఆ ఆకు చాలు.

కంపోస్టు

అడుగున, పక్కల రంధ్రాలు వేసిన పాత డ్రమ్ము ఒకటి తీసుకుని, మూడు తట్టల ఎండుటాకుకు ఒక తట్ట వంటింటి పచ్చి వ్యర్థం చొప్పున పొరలుగా వేసుకుంటూ పోవాలి. ప్రతి పొర మీదా పలుచగా పేడనీళ్లు గానీ పాత కంపోస్టు గానీ చల్లితే కుళ్లడం త్వరగా మొదలవుతుంది. తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండుటాకు వేయాలి, చుక్క కూడా రాకపోతే నీళ్లు చిలకరించాలి. పది రోజులకు ఒకసారి తిరగేస్తే రెండున్నర, మూడు నెలల్లో ఆకు ఆనవాలు పోయి, మొదటి వాన పడినప్పటి మట్టివాసన వస్తుంది. కుళ్లు కంపు కొడుతోందంటే గాలి ఆడడం లేదని అర్థం. ఉప్పు, నూనె కలిసిన కూరలు, మిగిలిన అన్నం ఇందులో వేయరాదు.

ఊళ్లో బంధువులుంటే దిబ్బ ఎరువు తెచ్చుకోవడం ఇంకా మేలు. అయితే దిబ్బ పైభాగం నుంచి కాక, ఏడాది పైబడిన అడుగు ఎరువును తవ్వించుకోవాలి. మా అవ్వ దిబ్బ దగ్గర నిలబడి ఎరువును చేతిలో నలిపి, వాసన చూసి, "ఇది ఇంకా పచ్చిగానే ఉంది నాయనా, దీన్ని ఏస్తే మొక్క మాడిపోతాది" అనేది. చేతిలో పేడ ముద్దగా అంటుకుంటే పచ్చిది, పొడిగా రాలిపోతే మాగినది. ఇంతకన్నా మంచి పరీక్ష నాకు ఇప్పటికీ దొరకలేదు.

కలపడం, మాగబెట్టడం

20 లీటర్ల కుండీకి 8 లీటర్ల ఎర్రమట్టి, 3 లీటర్ల చెరువు ఒండ్రు, 5 లీటర్ల కంపోస్టు లేదా మాగిన దిబ్బ ఎరువు, 3 లీటర్ల కొబ్బరి పొట్టు తీసుకుంటాను. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి మూడుసార్లు నీళ్లు మార్చి కడిగి పిండాలి. దీనికి వేప గానుగ పిండి 100 గ్రాములు, వేరుశనగ గానుగ పిండి 100 గ్రాములు, మెత్తగా దంచిన కోడిగుడ్డు పెంకుల పొడి రెండు గుప్పిళ్లు చేర్చాలి. వేరుశనగ మన జిల్లా పంట కనుక గానుగల దగ్గర దాని పిండి సులభంగా దొరుకుతుంది. అందులో సుమారు 7 శాతం నత్రజని ఉంటుంది. మాగిన పేడ ఎరువులో ఉండేది అర శాతం మాత్రమే. గానుగ పిండిని "కాస్త ఎక్కువ వేస్తే తప్పేముంది" అని అడిగేవాళ్లు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. కట్టెల బూడిదను మాత్రం ఈ దశలో కలపరాదు. బూడిద క్షారగుణం కలది. పేడతో, గానుగ పిండితో కలిస్తే అందులోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది.

కలిపిన మట్టిని నీడలో కుప్పగా పోసి, పైన చెప్పిన గుప్పెడు పరీక్షకు సరిపోయేంత తడి చేసి, గోనెపట్టా కప్పాలి. నాలుగో రోజున చేయి లోపలికి పెట్టి చూడండి. గోరువెచ్చగా తగులుతుంది, ముక్కుకు ఘాటైన వాసన వస్తుంది. సూక్ష్మజీవులు గానుగ పిండిని తింటున్నాయి, ఆ తినడంలో వేడి, అమ్మోనియా పుడుతున్నాయి. సరిగ్గా ఈ సమయంలో నారు నాటితే లేత వేళ్లు మాడుతాయి, రెండు రోజుల్లో ఆకు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. నా 12 కుండీలలో జరిగినది ఇదే. ఎరువు చాలలేదేమోనని నేను మళ్లీ పేడనీళ్లు పోశాను. దానితో మిగిలిన ప్రాణం కూడా పోయింది.

వారానికి ఒకసారి కుప్పను తిరగేస్తూ మూడు నుంచి నాలుగు వారాలు ఉంచాలి. వేడి పూర్తిగా చల్లారి, ఘాటు పోయిన తరువాత ఒక గిన్నెడు మట్టి తీసి అందులో పది మెంతి గింజలు చల్లండి. వారంలో ఎనిమిదీ తొమ్మిదీ మొలిచి ఆకు పచ్చగా విచ్చుకుంటే మట్టి సిద్ధమైనట్టు. మొలకలు పసుపుపచ్చగా వచ్చినా, కొనలు మాడినా ఇంకొక వారం ఆగాలి. పది మెంతి గింజలు చెప్పే మాటను నేను ఏ ఏడాదీ కాదనలేదు.

నాటడం, జీవామృతం

విత్తనం మళ్లీ మనమే తీసుకోవాలనుకుంటే సంకరజాతి కాకుండా అర్క వికాస్, పీకేఎం 1 వంటి సూటి రకాలు ఎంచుకోవాలి. సాయంకాలం, అడుగు ఆకులు రెండు జతలు తుంచి, కాండం సగం వరకు మట్టిలోకి పోయేలా నాటాలి. టమోటా కాండానికి పూడ్చిన ప్రతిచోటా వేళ్లు పుడతాయి. కుండీకి ఒక్క మొక్క చాలు. ఊతకర్ర ఆ రోజే గుచ్చాలి, తరువాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. తడిసిన కుండీ ఒక్కొక్కటి 25 కిలోల దాకా తూగుతుంది కాబట్టి వాటిని మిద్దె మధ్యలో గుంపుగా కాక గోడల వెంబడి పేర్చుకోవాలి.

ప్రకృతి వ్యవసాయాన్ని బోధించే సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన జీవామృతం ఎకరాకు 200 లీటర్ల లెక్కన ఉంటుంది. దానిని మిద్దెకు తగినట్టు తగ్గిస్తే 10 లీటర్ల నీటికి అర కిలో ఆవుపేడ, అర లీటరు గోమూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పప్పుధాన్యాల పిండి, గుప్పెడు మంచి మట్టి అవుతుంది. చిత్తూరు వైపు దొరికే నల్లబెల్లం దీనికి శ్రేష్ఠం. తెల్లగా మెరిసే బెల్లం వద్దు. కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక ముందు రోజు రాత్రే బకెట్టులో పట్టి మూత లేకుండా ఉంచాలి. అన్నీ కలిపి, నీడలో గోనెపట్టా కప్పి, ఉదయం సాయంత్రం కర్రతో ఒకే దిశలో తిప్పితే 48 గంటలకు సిద్ధమవుతుంది, వారం లోపల వాడేయాలి. పుల్లని బెల్లపు వాసన రావాలి; కుళ్లిన కోడిగుడ్డు కంపు వస్తే కంపోస్టు డ్రమ్ములో పారబోయడమే మంచిది. ఒక పాలు జీవామృతానికి పది పాళ్లు నీళ్లు కలిపి, 15 రోజులకు ఒకసారి, తడి మట్టి మీద కుండీకి అర లీటరు పోస్తే సరిపోతుంది. జీవామృతాన్ని ఎరువుగా భావించి రోజూ పోసేవాళ్లున్నారు. అది మట్టిలోని సూక్ష్మజీవులను పెంచేది మాత్రమే. వాటికి తిండి మీరు ముందే కలిపిన కంపోస్టులో, గానుగ పిండిలో ఉంది.

నాటిన వెంటనే మట్టి కనిపించకుండా రెండంగుళాల మందాన ఎండుటాకు గానీ వేరుశనగ పొట్టు గానీ పరచాలి. తొలి పూత కనిపించినప్పుడు ఆ ఆకును పక్కకు జరిపి, గుప్పెడు కంపోస్టు, ఒక చెంచా కట్టెల బూడిద చల్లి మళ్లీ కప్పాలి. బూడిదలోని పొటాషియం కాయకు పనికొస్తుంది. బోరునీళ్లు పోసేవాళ్లు, ముఖ్యంగా కుండీ అంచున తెల్లని సున్నపు పొర కడుతున్నవాళ్లు, బూడిద వాడరాదు. వాళ్ల మట్టిలో క్షారం అప్పటికే ఎక్కువై ఉంటుంది.

కాయ అడుగుభాగం నల్లబడి తోలులా అణిగిపోతే అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందకపోవడం వల్ల అలా జరుగుతుంది, అందకపోవడానికి కారణం చాలాసార్లు నీళ్లే. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు కుండీ నిండా పోస్తే కాల్షియం మట్టిలో ఉండి కూడా కాయ దాకా పోదు. గుడ్డు పెంకుల పొడి కరగడానికి నెలలు పడుతుంది కనుక అప్పటికప్పుడు చల్లినా లాభం లేదు. వేలు రెండు కణుపుల లోతున గుచ్చి, పొడిగా తగిలితేనే, ప్రతిసారీ ఒకే కొలతన నీళ్లు పోయాలి.

తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది. వైరస్ సోకి ఆకులు చిన్నవై పైకి ముడుచుకున్న మొక్కకు మందు లేదు, పీకేయాలి. అంతకు ముందే, జూన్, జూలైలలో ఏరి నీడన ఆరబెట్టిన వేప గింజలను దంచి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా కుంకుడు రసం కలిపి పది రోజులకు ఒకసారి ఆకు అడుగున తడిసేలా పిచికారీ చేయాలి. వేపలోని మందు ఎండకు త్వరగా చెడిపోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. మంచు పడే రోజుల్లో కింది ఆకుల మీద గుండ్రని మచ్చలు వస్తే ఆ ఆకులు తుంచివేసి, లీటరు నీటికి 50 మిల్లీలీటర్ల పుల్లని మజ్జిగ కలిపి చల్లడం నాకు కొంత ఉపయోగపడింది.

ఏప్రిల్‌లో పూత ఆగిపోయాక జబ్బు లేని మొక్కలను పీకకుండా మొదలు దాకా కోసి, వేళ్లను మట్టిలోనే కుళ్లనివ్వాలి. అదే మట్టిలో వెంటనే టమోటా గానీ, దాని కుటుంబానికే చెందిన వంగ, మిరప గానీ పెట్టరాదు. నేను కుండీకి పది అలసంద గింజలు వేసి, పూత రాకముందే కోసి అందులోనే కలిపేస్తాను; జూన్‌లో ఆ కుండీలలో బెండ పెడతాను, అక్టోబరులో మట్టినంతా మళ్లీ కుప్ప పోసి, కొత్త కంపోస్టు, గానుగ పిండి చేర్చి, గోనెపట్టా కప్పుతాను.