కాలేజీ పిల్లలతో రెండు రోజుల శరత్కాలపు ట్రిప్: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మా అమ్మాయి విశాఖలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. మేముండేది విజయవాడలో. దసరాకి ఇంటికి వస్తే నాలుగు రోజులుంటుంది. అందులో రెండు రోజులు నిద్రకి, ఒక రోజు ఫ్రెండ్స్‌కి, ఇంకో రోజు చుట్టాలకి సరిపోతుంది. బస్సెక్కించి వచ్చాక చూసుకుంటే, మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నది పావుగంట కూడా ఉండదు. అందుకే మొన్న నవంబరులో నేనే తన దగ్గరికి వెళ్ళాను. ఇద్దరం కలిసి అరకు వెళ్ళొచ్చాం. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

పిల్లలున్న ఊరి నుంచే మొదలుపెట్టండి

ముందు మీరు వాళ్ళ ఊరు చేరండి. వాళ్ళని ఇంటికి రప్పించి, అక్కణ్ణుంచి మళ్ళీ ఎక్కడికో తీసుకెళ్తే ఉన్న రెండు రోజులూ ప్రయాణానికే పోతాయి. విశాఖలో చదివేవాళ్ళకి అరకు ఉంది. హైదరాబాద్‌లో ఉంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి, వరంగల్‌లో ఉంటే రామప్ప, లక్నవరం. తిరుపతి వైపైతే హార్స్‌లీ హిల్స్, కడప వైపైతే గండికోట. వెల్లూరులో మన పిల్లలు చాలామందే ఉన్నారు కదా, వాళ్ళకి ఏలగిరి దగ్గర. మూడు నాలుగు గంటల్లో చేరగలిగిన చోటైతే చాలు.

తేదీ వాళ్ళనే చెప్పమనండి

మిడ్స్ ఎప్పుడు, ల్యాబ్ ఎప్పుడు, రికార్డులు ఎప్పుడు సబ్మిట్ చేయాలి అన్నది మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. చాలా కాలేజీల్లో 75 శాతం అటెండెన్స్ ఉండాలి. శుక్రవారం ఒక్క రోజేగా, మానేస్తే ఏమవుతుందని మనం అనకూడదు. నేను మా అమ్మాయికి మూడు శని, ఆదివారాలు చెప్పి ఒకటి ఎంచుకోమన్నాను. మిడ్స్ అయిపోయిన వారం ఎంచుకుంది. పరీక్షల ముందు వారమైతే మనిషి మన పక్కనే కూర్చున్నా మనసు పుస్తకం మీదే ఉంటుంది.

అక్టోబరులో వెళ్తే కొండలు పచ్చగా ఉంటాయి, జలపాతాల్లో నీళ్ళుంటాయి. కానీ తుఫాన్లు వచ్చే నెల కూడా అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎంత అతలాకుతలం చేసిందో అక్కడివాళ్ళెవరూ మర్చిపోలేదు. 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని ముంచింది కూడా అక్టోబరులోనే. పెద్ద వానలకి ఘాట్‌లో కొండచరియలు పట్టాల మీద పడితే రైళ్ళు ఆగిపోతాయి. కాబట్టి రూము బుక్ చేసేటప్పుడు క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి వస్తుందో లేదో చూసుకోండి. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే మొండికి పోకుండా ట్రిప్ వాయిదా వేసుకోండి. నవంబరులో ఆ టెన్షన్ కాస్త తగ్గుతుంది, చలి మొదలవుతుంది, చేలల్లో వలిసె పూలు పసుపు పరిచినట్టు పూస్తాయి. అయితే కార్తీక మాసం ఆదివారాల్లో పిక్నిక్ బస్సులు బారులు తీరతాయి. అరకులో, బొర్రాలో జనం కిటకిటలాడతారు. ఆ వారమే దొరికితే టికెట్లూ రూమూ వీలైనంత ముందే తీసుకోండి.

టికెట్లు, రూము, హాస్టల్ పర్మిషన్

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచి దొరుకుతుంది. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ బండి నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో టికెట్ ఖరీదెక్కువ, అయినా తొందరగా అయిపోతుంది. అది దొరకలేదని బాధపడక్కర్లేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే గాలి కూడా తగులుతుంది.

ఒక్క జాగ్రత్త. వేరే ఊరి నుంచి వచ్చే తల్లిదండ్రులు రాత్రి బండిలో తెల్లవారి విశాఖలో దిగి, ఆ పొద్దున్నే కిరండూల్ ఎక్కేద్దామనుకోకండి. రాత్రి బండి ముప్పావుగంట ఆలస్యమైందంటే ఇది వెళ్ళిపోతుంది. నేను ముందు రోజు సాయంత్రానికే చేరి, హాస్టల్‌కి వెళ్ళి అమ్మాయిని తీసుకుని విశాఖలోనే ఆ రాత్రి ఉన్నాను. బీచ్‌లో మొక్కజొన్న కంకులు తిన్నాం. ఆ రాత్రి కూడా ట్రిప్‌లో భాగమే అయింది.

హాస్టల్ వార్డెన్‌కి బుధవారానికల్లా ఫోన్ చేసి, ఔటింగ్ లెటర్ ఇచ్చేయండి. శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర నిలబడి అడిగితే పిల్లలకి ఇబ్బంది. హోటల్లో ఇద్దరి ఆధార్ కార్డులూ అడుగుతారు, వాళ్ళది గుర్తుచేయండి. రూము విషయంలో టూరిజం వాళ్ళ హరిత హోటళ్ళు ముందు చూడండి.

బడ్జెట్ వాళ్ళ చేతికివ్వండి

నాకు అన్నిటికన్నా ఎక్కువ కలిసొచ్చింది ఇదే. పన్నెండు వేలు మా అమ్మాయి అకౌంట్లో వేసి, “రెండు రోజులూ ఇందులోనే అవ్వాలమ్మా, లెక్క నీదే” అన్నాను. రూము తనే చూసింది, కారు బేరం తనే ఆడింది. నాకు నచ్చనిది ఒకటుంది, మధ్యాహ్నం భోజనం మానేసి ఆ డబ్బుతో బొంగు చికెన్ తిందామంది. సరేనన్నాను. వెదురు బొంగులో కాల్చిన ఆ కూర ఆకులో వేసి ఇస్తే, నూనె లేకుండా ఇంత రుచి ఎలా వచ్చిందా అని ఇద్దరం ఆశ్చర్యపోయాం. కొండ మీద సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరకపోవచ్చు. రెండు మూడు వేలు నగదు చేతిలో ఉంచుకోండి.

వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు

ఈ కిరండూల్ లైను ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి 1960ల్లో వేసింది. శృంగవరపుకోట దాటాక ఎక్కడం మొదలవుతుంది. 58 సొరంగాలంటారు. మేం లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దాటాక మర్చిపోయాం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు వేస్తారు.

అలాంటి ఒక సొరంగంలోంచి వెలుగులోకి వచ్చాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే మా అమ్మాయి, “అమ్మా, నాకొక సబ్జెక్ట్ పోయింది” అంది. రిజల్ట్స్ వచ్చి అప్పటికి రెండు వారాలైంది. ఫోన్లో నేను రెండుసార్లు అడిగాను, రాలేదనే చెప్పింది. గుండె ఝల్లుమంది కానీ, “సప్లీ ఎప్పుడు?” అని మాత్రం అడిగాను. “జనవరిలో” అంది. కాసేపాగి ఏ చాప్టర్ దగ్గర తప్పిందో తనే చెప్పుకుంటూ వచ్చింది. బొర్రా స్టేషన్ వచ్చేదాకా ఆ సబ్జెక్టే మాట్లాడుకున్నాం.

అందుకే చెబుతున్నాను, బయల్దేరే ముందే ఒక నియమం పెట్టుకోండి. మార్కులు, ప్లేస్‌మెంట్స్, పెళ్ళి, పక్కింటివాళ్ళ అబ్బాయి ప్యాకేజీ, వీటిలో ఏదీ మనంతట మనం ఎత్తకూడదు. పిల్లలు ఎత్తితే మాత్రం ఫోన్ పక్కన పెట్టి వినండి.

అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. నవంబరు పొద్దున స్వెటర్ లేకపోతే వణుకుతాం. మొదటి రోజు గిరిజన మ్యూజియం, చాపరాయి చాలు. లిస్టులో ఎనిమిది చోట్లు రాసుకుని పరుగులు పెట్టకండి. వాళ్ళకి పొద్దున తొమ్మిదిదాకా పడుకోవాలనుంటే పడుకోనివ్వండి. నేను ఆ రెండు గంటలూ వరండాలో కాఫీ తాగుతూ పొగమంచు విడిపోవడం చూశాను.

రెండో రోజు కారులో దిగుతూ గాలికొండ దగ్గర ఆగండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు కనబడతాయి. నవంబరులో కాఫీ పళ్ళు ఎర్రబడుతుంటాయి. ఒక పండు నొక్కితే లోపల జిగురుగా రెండు గింజలు బయటికొస్తాయి. తర్వాత బొర్రా గుహలు. గోస్తని నీటికి సున్నపురాయి కరిగి ఏర్పడ్డ గుహలివి. మెట్లు ఎక్కువ, తడిగా ఉంటాయి. జారని చెప్పులు వేసుకోండి, మోకాళ్ళ నొప్పులుంటే తొందరపడకండి. దిగేటప్పుడు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, “నెమ్మదిగా అమ్మా, ఇక్కడ జారుతుంది” అంటూ ఒక్కో మెట్టూ దింపింది.

బొర్రా నుంచి మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరండి. ఘాట్ దిగి విశాఖ చేరడానికి మూడు గంటలు పట్టవచ్చు. హాస్టల్ గేటు మూసే వేళకి గంట ముందే చేర్చండి. సోమవారం క్లాసుకి బట్టలు సర్దుకోవాలి, పాపం. రూమ్మేట్స్‌కి అరకు కాఫీ పొడి ప్యాకెట్లు తీసుకోవడం మర్చిపోకండి. మా అమ్మాయి నాలుగు తీసుకుంది, ఒకటి నా బ్యాగులో పెట్టి, “నాన్నకి” అంది.