లాడ్జి నల్లులు ఇంటికి రాకుండా ఇలా ఆపాను

కాశీలో ఒక లాడ్జిలో దిగాం. తెల్లారేసరికి అమ్మ చేతి మీద వరసగా ఎర్రటి దద్దుర్లు. ఫోన్ టార్చి వేసి పరుపు అంచు కుట్లు చూస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. నల్లుల రెట్టలు! గది మార్చమన్నాం. పక్క గది ఇస్తామన్నారు, వద్దన్నాను. గోడ పగుళ్లలోంచి అవి పక్క గదికి పాకిపోతాయి. వేరే అంతస్తులో ఇచ్చారు.

అసలు టెన్షన్ ఇంటికి తిరిగొచ్చాక. నల్లులు ఎగరవు, గెంతవు, మన సామాన్లలో దూరి వస్తాయి. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే బ్యాగులు గుమ్మం బయటే ఆపాను. బట్టలన్నీ కవర్లో మూటకట్టి, నేరుగా వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల వేడినీళ్లతో ఉతికాను. అమ్మ పట్టుచీరను ఆ వేడిలో వేయలేం కదా! కవర్లో బిగించి ఫ్రీజర్‌లో పెట్టాను. మైనస్ 18 డిగ్రీల్లో కనీసం 4 రోజులు ఉండాలి. ఐస్‌క్రీం పక్కన పట్టుచీర చూసి ఇంట్లో ఒకటే నవ్వులు.

సూట్‌కేసును ఎండలో పెడితే చాలంటారు. నాకు నమ్మకం లేదు, నీడ ఉన్న మడతల్లోకి జరిగిపోతాయి. జిప్పుల వెంట, కుట్ల వెంట వాక్యూమ్ పెట్టి, ఆ దుమ్మును కవర్లో కట్టి బయట పారేశాను. ఇంట్లోకి ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు ఎక్కడ దిగినా ముందు బ్యాగు బాత్రూమ్ గచ్చు మీదే. పరుపు, మంచం తలవైపు చెక్క వెనకాల చూశాకే లోపలికి.