పికప్ తగ్గిందా? ఇంజిన్ విప్పించే ముందు ఇవి చూడండి

నాది 2013 మోడల్ ఆల్టో 800. ఇల్లు తిరుపతిలో, లీలామహల్ సర్కిల్‌కు దగ్గర. పూతలపట్టు వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పొద్దున చంద్రగిరి మీదుగా వెళ్లడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. వారానికి దాదాపు ఆరు వందల కిలోమీటర్లు తిరుగుతాను కాబట్టి లీటరుకు రెండు కిలోమీటర్లు తగ్గినా నెలాఖరుకు జీతంలో తెలిసిపోతుంది.

కిందటి సంవత్సరం జనవరికి బండి బాగా మందగించింది. చంద్రగిరి దాటాక లారీని దాటబోయి యాక్సిలరేటర్ తొక్కితే శబ్దం పెరిగేది, వేగం పెరిగేది కాదు. హైవే మీద లీటరుకు 20 ఇచ్చిన బండి 14కు దిగింది. ఒక మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ చేసి, "బోర్ పోయింది మేడమ్, ఇంజిన్ పని చేయించాల్సిందే" అన్నాడు. సిలిండర్ లోపలి గోడ అరిగిందని దాని అర్థం. ముప్పై వేల పైమాటే. ఆ రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. చివరికి నాకైన ఖర్చు మూడు వేల లోపు, ఇంజిన్ విప్పనే లేదు. నాలాగే చిన్న కారు మీద బతుకు నడుపుకునేవాళ్లు ఎవరూ ఇవేవీ చూసుకోకుండానే డబ్బు పోగొట్టుకోకూడదని ఇదంతా రాస్తున్నాను.

మొదట లెక్క

మైలేజ్ తగ్గిందని చెప్పే ముందు ఎంత తగ్గిందో తెలియాలి. డాష్‌బోర్డు మీద కనిపించే అంకెను నమ్మకండి. ఫుల్ ట్యాంక్ కొట్టించండి. గన్ తనంతట తాను 'టక్' మని ఆగిన చోటే ఆపేయమనండి. ఆ తర్వాత ఇంకో వంద రూపాయలకు నింపించడం వద్దు. లెక్క తప్పుతుంది, పైగా ట్యాంకు ఆవిరిని పట్టే డబ్బాలోకి పెట్రోల్ చేరి అది పాడవుతుంది. ఓడోమీటర్ అంకె రాసుకోండి. కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ నింపించండి. నా పుస్తకంలో ఆ జనవరి లెక్క ఇలా ఉంది: 412 కిలోమీటర్లు, 28.6 లీటర్లు. అంటే లీటరుకు 14.4. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి, మూడుసార్లు చూడండి.

బంకు మీద అనుమానం ఉంటే అడగడానికి మొహమాటపడకండి. ప్రతి బంకులో ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. మీ ముందు కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది.

కంపెనీ చెప్పే అంకెతో మీ అంకెను పోల్చకండి. నా మోడల్ కొత్తగా వచ్చినప్పుడు 22.74 అన్నారు. అది పరీక్షశాలలో తేల్చిన అంకె, మన తిరుచానూరు రోడ్డు సిగ్నళ్ల మధ్య తేల్చింది కాదు. మీ బండిని దాని నిన్నటి అంకెతోనే పోల్చండి.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ సంగతి చాలామంది అడుగుతున్నారు. నిజమే, పెట్రోల్‌తో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో శక్తి సుమారు మూడో వంతు తక్కువ. పది శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో మైలేజ్ ఆరేడు శాతం పడుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అంటే 20 ఇచ్చే బండి 18.6 దాకా దిగితే పెట్రోల్ వల్ల అనుకోవచ్చు. 14కు పడితే కారణం బండిలోనే ఉంది.

నా పుస్తకం పట్టించిన దొంగ

అసలు సంగతి బయటపెట్టింది మెకానిక్ కాదు, నా పుస్తకం. పేజీలు తిరగేస్తుంటే ఒకటి కంటపడింది. మే నెలలో, రెండు పూటలా ఏసీ వేసుకుని తిరిగినప్పుడు 15.5 వచ్చింది. డిసెంబర్‌లో ఏసీ ముట్టకపోయినా 14 మాత్రమే. ఇది తలకిందుల లెక్క. చిన్న ఇంజిన్‌కు ఏసీ పెద్ద బరువు, కాబట్టి చలికాలంలో మైలేజ్ పెరగాలి. తగ్గిందంటే ఇంజిన్ వేడెక్కడం లేదని అనుమానం వచ్చింది.

పాకాల దగ్గర ఒక పెద్దాయన చిన్న షెడ్డు నడుపుతాడు. ఆయనకు పుస్తకం చూపించాను. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి, రేడియేటర్ పైగొట్టం మీద చేయి పెట్టమన్నాడు. మామూలుగా అయితే ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపే థర్మోస్టాట్ వాల్వు తెరుచుకోగానే ఒక్కసారిగా వేడెక్కాలి. నాది మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడింది. "వాల్వు తీసేసినారు మా. బండికి వేడి తగ్గిస్తామని చలి పట్టించినారు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏప్రిల్‌లో ట్రాఫిక్‌లో బండి వేడెక్కితే ఒకచోట బాగు చేయించాను. వాళ్లు థర్మోస్టాట్ వాల్వు తీసి పక్కన పడేశారు. మన ఎండలకు అది అక్కర్లేదని చాలామంది అంటారు. అది చాలా తప్పు. ఇంజిన్ 80, 90 డిగ్రీల వేడి దగ్గర పనిచేసేలా తయారవుతుంది. వాల్వు లేకపోతే హైవే గాలికి నీళ్లు ఎప్పుడూ చల్లగానే తిరుగుతాయి. బండి ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆయిల్ చిక్కగానే ఉంటుంది, ఇంజిన్ బరువుగా తిరుగుతుంది. బండి వేడెక్కుతోందంటే కూలెంట్ తగ్గిందా, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా అని చూడాలి గానీ వాల్వు పీకేయకూడదు. నా బండికి అసలు జబ్బు ఫ్యాన్ రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు అందించే స్విచ్చు. అది మార్చి, కొత్త వాల్వు వేయించాం.

చేత్తో తెలిసేవి

ఇంకో దొంగ ఎడమవైపు వెనుక చక్రం. ఇది మీరే పట్టుకోవచ్చు. పది కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేక్ ఎక్కువ వాడకుండా ఆపండి. నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడండి, డిస్కును, డ్రమ్మును తాకకుండా. ఒకటి మిగతావాటి కంటే బాగా సెగ కొడుతుంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోంది. ఇంకో పరీక్ష: సమతలంగా ఉన్నచోట న్యూట్రల్‌లో పెట్టి తోయండి. ఏడు వందల కిలోల బండి ఒక్కరు తోస్తే కదలాలి. నాది కదల్లేదు. వానాకాలం సెలవుల్లో హ్యాండ్ బ్రేక్ లాగి వారాల తరబడి వదిలేయడంతో కేబుల్ తుప్పుపట్టి బిగుసుకుంది. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టండి, హ్యాండ్ బ్రేక్ వద్దు.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి నడపకముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి కొట్టే కుర్రాడికి ఆ అంకె మీరే చెప్పండి.

శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్‌ను కూడా అనుమానించాలి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 35 దగ్గర ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఇంజిన్ గోల ఎగిసి బండి అలాగే ఉంటే క్లచ్ జారుతోంది. బండి కుదుపులతో లాగితే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కటి సరిగా మండకపోయినా మూడో వంతు బలం పోయినట్టే. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే పాత కార్బురేటర్ బండ్లలో మైలేజ్ పడేది, ఇప్పటి బండ్లలో ముందు పికప్ పడుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఊహలొద్దు, స్కానింగ్ చేయించండి. ఆక్సిజన్ సెన్సర్ చెడితే బండి మామూలుగానే నడుస్తున్నట్టు ఉంటుంది, పెట్రోల్ మాత్రం తాగేస్తుంది. స్కానర్‌లో కూలెంట్ వేడి అంకె కూడా చూపించమనండి.

ట్యాంకులో పోసే మందు సీసాలు, పెట్రోల్ పైపుకు కట్టే అయస్కాంతాలు కొనకండి. అయస్కాంతం పెట్రోల్‌ను ఏమీ చేయదు. ఇది పిల్లలకు చెప్పేంత గట్టిగా మీకూ చెబుతున్నాను.

కొండ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

బంధువులు వస్తే తిరుమల తీసుకెళ్లక తప్పదు. ఆ వారం మైలేజ్ లెక్క వేయకండి. తిరుపతి నుంచి తిరుమలకు ఏడు వందల మీటర్ల ఎత్తు ఉంటుంది. నలుగురు కూర్చుంటే నా బండి సుమారు టన్ను. ఆ టన్నును అంత ఎత్తుకు లేపడానికే, నా లెక్క ప్రకారం, లీటరు కంటే కాస్త తక్కువ పెట్రోల్ కావాలి. దూరం తిరిగిన ఖర్చు దానికి అదనం.

ఘాట్ మీద పికప్ లేదని చాలామంది బాధపడేది గేరు తప్పు వల్ల. నా బండి ఇంజిన్ 796 సీసీ, దాని గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 3,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర వస్తుంది. నాలుగో గేరులో మూలుగుతూ ఎక్కితే పెట్రోల్ మిగలదు, ఇంజిన్ నలుగుతుంది. రెండు, మూడు గేర్లలోనే హాయిగా తిరగనివ్వండి. ఎక్కే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు, 28 నిమిషాల లోపు పైకి చేరకూడదని నిబంధన. అంటే సగటు 38 మాత్రమే. తొందర దేనికి? మలుపుల దగ్గర ఏసీ ఆపితే తేడా మీకే తెలుస్తుంది.

దిగేటప్పుడు న్యూట్రల్ చేసి పెట్రోల్ మిగిల్చామనుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఇంజెక్షన్ ఇంజిన్ గేరులో ఉండి, కాలు తీసేస్తే, పెట్రోల్ పోయడం పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లోనే అది ఐడిల్ మీద పెట్రోల్ తాగుతుంది. పైగా బ్రేకులు కాలిపోతాయి. రెండో గేరు, కాలు తీసేసి దిగండి.

హైవే మీద 100 కాకుండా 80లో వెళ్లండి. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80తో పోలిస్తే 100 దగ్గర అది ఒకటిన్నర రెట్లకు పైనే. పూతలపట్టుకు నాకు పది నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

ఇప్పుడు నా బండి 18.5 ఇస్తోంది.

ఇవన్నీ చూశాక కూడా బోర్ పోయిందని అంటే, సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తుందో కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేసి అంకెలు కాగితం మీద రాసివ్వమనండి. మూడు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి తక్కువ వస్తే, ప్లగ్ రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి మళ్లీ చూడమనండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే ఇంజిన్ వాల్వుల వైపు చూడాలి. నీలం పొగ వస్తూ, సర్వీసింగ్ మధ్యలో ఆయిల్ తగ్గుతూ, ఈ అంకె కూడా పడితే అప్పుడు ఇంజిన్ పనికి డబ్బు సిద్ధం చేసుకోండి. పాకాల పెద్దాయన రాసిచ్చిన కాగితంలో నా మూడు అంకెలూ దాదాపు సమానమే. దాన్ని ఆ లెక్కల పుస్తకంలోనే అంటించుకున్నాను.