కరెంటు లేని ఇంట్లో పన్నీరు చెడితే ముందు తేట చూడండి

మాది ఒడిశాలో గుణుపురం పక్కన, వంశధార ఒడ్డు ఊరు. ఇంట్లో సోలార్ పలక మీద రెండు బల్బులు, ఫోన్ ఛార్జింగ్, అంతే. ఫ్రిజ్ లేదు, పొయ్యి కట్టెలది. మిగిలిన పాలు పన్నీరు చేసేస్తాం. ఇక్కడి ఒడియావాళ్లు ఛెనా అంటారు.

పన్నీరు చెడితే అందరూ నిమ్మకాయను తిడతారు. నేను మాత్రం ముందు తేట చూస్తాను. విరుగుడు విడిపోయాక మిగిలిన నీళ్లు లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో తేరుకుని ఉంటే సగం గెలిచినట్టే.

తేట ఇంకా పాలలా తెల్లగా ఉందా? పులుపు చాలలేదు, లేదా పాలు చల్లారిపోయాయి. గిన్నె మళ్లీ పొయ్యెక్కించి, అంచుల్లో ఆవిరి లేచాక ఇంకో చెంచా రసం పోయండి. మామూలుగా లీటరుకు రెండు పెద్ద చెంచాల రసం, అంతే గోరువెచ్చని నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా పోయాలి. కాయకూ కాయకూ పులుపు మారుతుంది కాబట్టి కాయలు లెక్కపెట్టకండి. తెలుపు పోగానే ఆపేయండి. గిన్నె స్టీలుదే వాడండి, అల్యూమినియానికి పులుపు పడదు.

రబ్బరులా సాగుతోందా? కట్టెల పొయ్యి దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఇదే. మంట తీసేసినా నిప్పులు ఉంటాయి, విరుగుడు వాటిమీద ఉడుకుతూనే ఉంటుంది. పాలు పొంగగానే గిన్నెను నేలమీదకు దించండి. బుడగలు ఆగి, పైన పలచటి తెర కట్టబోతుండగా రసం పోయండి. సుమారు 80 డిగ్రీలన్నమాట, థర్మామీటరు అక్కర్లేదు. విరగగానే ఒక గ్లాసు చన్నీళ్లు పోస్తే ఉడకడం ఆగుతుంది. బరువు కూడా అరగంట చాలు. నేనొకసారి మూట మీద రోటి పొత్రం పెట్టి సంతకెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి కోస్తే కత్తి జారింది. కూరలో ముక్క నమిలి మా అబ్బాయి, "అమ్మా, ఇది ఎరేజరా?" అన్నాడు.

నిమ్మరసం పోయకముందే విరిగిపోయాయా? పొద్దున పితికినవి మధ్యాహ్నం కాచి ఉంటారు, లేదా గిన్నెలో పాత పాల జిడ్డు ఉండి ఉంటుంది. ఈనిన కొత్తలో పాలైతే అవి జున్నుకే, పన్నీరుకు కాదు. పితికేటప్పుడే గడ్డలు, తీగలు కనిపిస్తే పొదుగువాపు. ఆ పాలు పారబోసి పశువుల డాక్టరును పిలవండి.

ముక్క కోస్తే పొడిపొడి అవుతోందా? గరిటె ఎక్కువ తిప్పారు, లేదా వెన్న తీసిన పాలు. ఆవు పాలకు గేదె పాలంత గట్టి దిమ్మ కట్టదు, అది తప్పు కాదు. పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) ఈ పొడిని అస్సలు పారేయదు. చక్కెర, కాస్త రవ్వ, ఏలకుల పొడి కలిపి సాల ఆకుల్లో చుట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి గంటకు పైగా మగ్గబెడుతుంది. అంచు నల్లగా మాడి, లోపల మెత్తగా వస్తుంది. నయాగఢ్ వైపు పేరుపడ్డ ఛెనాపోడ అదే.

పొగ వాసనకు మూత పెట్టడం తప్ప వేరే మందు లేదు.

మర్నాటికి జిగురు పట్టిందా? రుచి చూడకుండా పారేయండి. ఎండాకాలంలో ఏ రోజుది ఆ రోజే తినేయాలి. చలికాలమైతే కాచి చల్లార్చిన నీళ్లలో ముంచి, తడి గుడ్డ చుట్టిన కుండలో రాత్రికి దాచుకోవచ్చు. మంచి తేటతో చపాతీ పిండి కలుపుకోండి, మిగిలింది ఆవు కుడితిలో పోయండి.