ఒకదానిమీద ఒకటి పడ్డ హిస్టోగ్రాములు: తేడా నిజమో కాదో తేల్చడం ఎలా

ఫ్లో సైటోమెట్రీ (కణాలకి రంగు యాంటీబాడీలు అంటించి, ఒక్కొక్కటీ లేజర్ ముందు ఎంత వెలుగుతుందో కొలిచే పద్ధతి) చేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ బొమ్మ ఎదురవుతుంది. కంట్రోల్ హిస్టోగ్రామ్, మందు వేసిన శాంపిల్ హిస్టోగ్రామ్, రెండూ ముప్పాతిక వంతు కలిసిపోయి ఉంటాయి, రెండో పీక్ మాత్రం కాస్త కుడికి జరిగినట్టుంటుంది. గేట్, అంటే ఇక్కణ్ణించి పాజిటివ్ అని చెప్పే గీత, ఎక్కడ గీసినా "అక్కడే ఎందుకు గీశావ్?" అని అడిగేవాళ్లు ఉంటారు. దాంతో చాలామంది సాఫ్ట్‌వేర్‌లో కేఎస్ టెస్ట్, అదే కోల్మొగొరోవ్-స్మిర్నోవ్, నొక్కేస్తారు. పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే ఎక్కువ తేడా ఊరికే కనిపించే అవకాశం) 0.001 కంటే తక్కువ వస్తుంది. సంబరం!

కాస్త ఆగండి. కేఎస్ టెస్ట్ రెండు క్యుములేటివ్ గీతల (ఏ వెలుగు వరకు ఎంత శాతం కణాలున్నాయో చూపేవి) మధ్య అన్నిటికంటే ఎక్కువ ఎడం ఎంతుందో చూస్తుంది, దాన్ని డీ అంటారు. ఆ డీ ఎంత దాటితే సిగ్నిఫికెంట్ అనేది కణాల సంఖ్యను బట్టి మారుతుంది. ఒక్కో ట్యూబులో 10,000 కణాలుంటే, పీ హద్దు 0.05 దగ్గర, సుమారు 0.019 దాటితే చాలు. 50,000 చొప్పున తీసుకుంటే 0.009 ఉన్నా పాసే. ఒకే ట్యూబును కొన్ని నిమిషాల తేడాతో రెండుసార్లు రన్ చేసి పోల్చాను ఒకసారి. అదీ సిగ్నిఫికెంటే! మధ్యలో నేను చేసింది ఏమీ లేదు, లేజరో ఫ్లో రేటో పిసరంత అటూఇటూ అయి ఉంటుంది, అంతే.

అసలు గొడవ ఎన్ దగ్గర, అంటే లెక్కలోకి తీసుకునే విడి శాంపిళ్ల సంఖ్య దగ్గర, ఉంది. ఒక ట్యూబులోని 10,000 కణాలూ ఒకే డోనర్‌వి, ఒకే యాంటీబాడీ మిక్స్ తిన్నవి, పిపెట్ తప్పు జరిగితే అన్నిటికీ కలిపి జరిగినట్టే. కాబట్టి మీ ఎన్ డోనర్ల సంఖ్య, లేదా విడివిడిగా చేసిన ప్రయోగాల సంఖ్య. కణాలు కాదు.

అందుకని ముందు డబ్లెట్లు (అతుక్కుపోయిన రెండేసి కణాలు), చచ్చిన కణాలు తీసేసి, కాంపెన్సేషన్ (ఒక రంగు వెలుగు ఇంకో రంగు డిటెక్టర్లో పడితే చేసే దిద్దుబాటు) సరిచూసుకుని, ఒక్కో శాంపిల్‌కి ఒక్క అంకె తీయండి. పీక్ మొత్తంగా జరిగితే మీడియన్ ఫ్లోరసెన్స్ సరిపోతుంది. కొన్ని కణాలు మాత్రమే వెలిగి కుడివైపు తోకలా సాగితే మీడియన్ దాదాపు కదలదు, అప్పుడు ఎఫ్ఎంఓ కంట్రోల్ (ఆ ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబు) చూసి గేట్ గీసి పాజిటివ్ శాతం తీయాలి, ఆ గేట్‌ని అన్ని శాంపిళ్లకీ కదపకుండా వాడాలి. ఏది వాడాలో ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోండి, రెండూ చేసి బాగున్నది ఎంచుకోవడం మోసమే.

ఉదాహరణకి నేను వేసుకున్న అంకెలు ఇవి. ఆరుగురు డోనర్లు, మీడియన్లు మందు లేకుండా, మందుతో: 410 నుంచి 620, 380 నుంచి 510, 900 నుంచి 1290, 520 నుంచి 700, 640 నుంచి 980, 450 నుంచి 560. వీటిని రెండు గుంపులుగా విడగొట్టి, లాగ్ తీసి మామూలు టీ టెస్ట్ చేస్తే పీ 0.1 పైనే ఉంటుంది, ఎందుకంటే డోనర్‌కీ డోనర్‌కీ ఉన్న తేడా అంతా మింగేస్తుంది. అదే ఒక్కో డోనర్‌ని తనతోనే పోల్చి, లాగ్ మీద పెయిర్డ్ టీ టెస్ట్ చేస్తే సగటున 1.4 రెట్లు పెరిగిందని, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 1.29 నుంచి 1.52 అని వస్తుంది. డేటా అదే, డిజైన్‌ని గౌరవించాం అంతే. పేపర్లో పీ ఒక్కటే కాకుండా ఈ రెట్లు, ఈ ఇంటర్వెల్ కూడా రాయండి. మీడియన్ సున్నా దగ్గరో, మైనస్‌లోనో ఉంటే లాగ్ కుదరదు, ఆర్క్‌సైన్హెచ్ (లాగ్ లాంటిదే, మైనస్ అంకెలకీ పనిచేసే మార్పిడి) వాడండి.

మరి కేఎస్, దానిలాగే హిస్టోగ్రాములని నేరుగా పోల్చే ఓవర్టన్ సబ్‌ట్రాక్షన్, ప్రాబబిలిటీ బిన్నింగ్ పనికిరావా? వస్తాయి, పీ వాల్యూ కోసం మాత్రం కాదు. కంట్రోల్‌ని ఇంకో కంట్రోల్ ట్యూబుతో పోలిస్తే డీ ఎంత వస్తుందో ముందు చూడండి, అది మీ మెషీన్ సహజంగా చేసే గోల. మందు వేసిన శాంపిల్ డీ దాన్ని బాగా దాటిందా, ప్రతి డోనర్‌లోనూ దాటిందా అన్నది అసలు ప్రశ్న. మార్కర్లు ఇరవై ఉంటే ఏదో ఒకటి ఊరికే సిగ్నిఫికెంట్ అవ్వచ్చు, దాన్ని సరిదిద్దే బెంజమిని-హాక్‌బర్గ్ కరెక్షన్ మర్చిపోవద్దు.

ఒక్కో గుంపులో మూడేసి శాంపిళ్లే ఉంటే మాన్-విట్నీ (రెండు విడి గుంపులని ర్యాంకులతో పోల్చే టెస్ట్) జోలికి పోకండి, ఎంత తేడా ఉన్నా రెండువైపుల పీ 0.1 కంటే కిందికి దిగదు. జతలని ర్యాంకులతో పోల్చే విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్‌కి ఐదు జతలున్నా 0.0625 దగ్గరే ఆగిపోతుంది, ఆరు కావాలి. అంతకంటే తక్కువుంటే ఒక్కో డోనర్ చుక్కలూ గీతలతో కలిపి చూపించండి, ఎన్ ఎంతో బొమ్మ కిందే రాసేయండి.